నాటకానికి చిన్న మైక్: తక్కువ ఖర్చులో ఎంచుకోవడం, మనకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

పరిషత్తు నాటకాలు చూసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కొడుకు పోయాడన్న కబురు విని కుర్చీలో కూలబడాల్సిన తండ్రి, రెండడుగులు ముందుకొచ్చి ఫుట్ మైక్ దగ్గర కూలబడతాడు. కుర్చీ దగ్గరే ఏడిస్తే మూడో వరుస దాటి వినపడదని ఆయనకు తెలుసు. అందులో నటుడి తప్పు లేదు. మైక్ ఎక్కడుంటే నాటకం అక్కడికే నడిచిపోతుంది. ఒంటిమీద పెట్టుకునే చిన్న మైక్ ఈ బాధ తప్పిస్తుంది. నటుడు తెర పక్కన నిలబడి గొణిగినా చివరి వరుసకు అందుతుంది. దీనికి లక్షలు పోయనక్కర్లేదు. చిన్న నాటక సమాజం కూడా భరించగల ఖర్చులో చేసుకోవచ్చు, కాకపోతే డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ ఆపాలో తెలియాలి.

1. ముందు ఎవరికి కావాలో తేల్చుకోండి

అందరికీ మైక్ తగిలించాలన్న ఆలోచన మొదటే మానుకోండి. ఒకేసారి తెరిచి ఉన్న మైక్‌ల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, హౌలింగ్ (స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి వెళ్లి వచ్చే కూత) రాకుండా పెంచుకోగల శబ్దం 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. ఆరు పాత్రలుంటే, ఎక్కువగా మాట్లాడే ఇద్దరు ముగ్గురికి ఒంటి మైక్ పెట్టి, మిగతావాళ్లను పైన వేలాడే మైక్‌లకు వదిలేయడం మేలు. స్క్రిప్ట్ ముందేసుకుని ఏ రంగంలో ఎవరు మాట్లాడతారో రాసుకోండి. ఒక పాత్ర రెండో రంగంలోనే వెళ్లిపోతే ఆ మైక్ మూడో రంగంలో ఇంకొకరికి పెట్టవచ్చు.

2. డబ్బు ముందు వైర్‌లెస్ సెట్‌కి, తర్వాతే మైక్‌కి

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఖరీదైన కాలర్ మైక్ కొని, దాన్ని మధ్యమధ్యలో సిగ్నల్ తెగిపోయే ట్రాన్స్‌మిటర్‌కి (గొంతును తీగ లేకుండా పంపే పెట్టెకి) తగిలిస్తారు. మామూలు మైక్ గొంతును కాస్త మందంగా వినిపిస్తే ప్రేక్షకుడు భరిస్తాడు. పద్యం మధ్యలో మాట మాయమైతే భరించడు.

బ్లూటూత్ మైక్‌లు వద్దే వద్దు. గొంతు ఆలస్యంగా వచ్చి నటుడి నోటికీ స్పీకర్‌కీ పొంతన ఉండదు. ఫోన్‌కి పెట్టుకుని వీడియోలు తీసుకునే బుల్లి క్లిప్ మైక్‌లు వీడియోలకు బాగానే ఉంటాయి. కానీ వాటిలో చాలావరకు వైఫైతో పాటు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. హాల్లో వందల ఫోన్లు తెరుచుకున్నాక అవి తడబడే ప్రమాదం ఉంది. పైగా మనిషి ఒళ్లు ఆ తరంగాలను బాగా పీల్చేస్తుంది, నటుడు వెనక్కి తిరగ్గానే సిగ్నల్ సన్నబడుతుంది. నడుముకు పెట్టుకునే ట్రాన్స్‌మిటర్ పెట్టె, అంటే బాడీప్యాక్ ఉన్న యూహెచ్‌ఎఫ్ (అంతకన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేసే) సెట్ నాటకానికి నయం.

కొనేముందు పరీక్ష ఇలా చేయండి. రిసీవర్ (ఆ సిగ్నల్‌ను అందుకునే పెట్టె) ఒక మూల పెట్టి, ప్యాక్ నడుముకు కట్టుకుని, మాట్లాడుతూ దూరంగా నడవండి. వీపు రిసీవర్ వైపు, తర్వాత పొట్ట రిసీవర్ వైపు పెట్టి వినండి. ఒక్కసారి టప్‌మన్నా ఆ సెట్ పక్కన పెట్టేయండి. రెండు మూడు సెట్లు కలిపి కొంటుంటే అన్నీ ఒకేసారి ఆన్ చేసి చూడండి. ఒక్కొక్కటిగా బాగా పనిచేసినవి కలిస్తే ఒకదానితో ఒకటి కొట్టుకోవచ్చు.

రిసీవర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ప్రేక్షకుల వెనకున్న మిక్సర్ దగ్గర పెట్టకండి. స్టేజీ పక్క తెర వెనక, నటులు నేరుగా కనిపించే చోట, మనిషి తల ఎత్తుకు పెట్టి, అక్కడి నుంచి మిక్సర్‌కి పొడవాటి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) లాగండి. కేబుల్ ఖర్చు తప్ప ఇంకేమీ లేకుండా సగం సిగ్నల్ సమస్యలు దీంతోనే పోతాయి.

3. మైక్ ఎంపిక

చౌక కాలర్ మైక్‌లలో దాదాపు అన్నిటిలోనూ ఉండేది ఎలెక్ట్రెట్ క్యాప్సూల్, అంటే శబ్దాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న ముక్క. ఇందులో రెండు రకాలు. అన్ని వైపుల నుంచీ వినేది ఓమ్ని, ముందు నుంచే ఎక్కువగా వినేది కార్డియాయిడ్. కార్డియాయిడ్ అయితే హౌలింగ్ తక్కువ కదా అని అది కొంటారు. నటులకు నా సలహా ఓమ్నీనే. తల తిప్పినా, మైక్ కాస్త పక్కకు జరిగినా ఓమ్నీలో గొంతు పెద్దగా మారదు, బట్టల రాపిడి కూడా తక్కువ వినపడుతుంది. కార్డియాయిడ్‌కి వెనక ఉండే సన్నటి రంధ్రాల్లోకి చెమటో పౌడరో చేరితే దాని గుణమే పోతుంది.

వెయ్యి రూపాయల లోపు దొరికే మైక్‌లలోనూ మంచివి ఉన్నాయి. షాపులో మామూలుగా మాట్లాడి ఊరుకోకండి. మీ బృందంలో గట్టి గొంతున్న మనిషిని తీసుకెళ్లి తారస్థాయిలో ఒక రాగం తీయించండి. గొంతు పగిలినట్టు, గరగరమంటూ వస్తే ఆ క్యాప్సూల్ పద్యాలకు పనికిరాదు. తర్వాత ప్లగ్ దగ్గర వైరును వేళ్లతో అటూ ఇటూ వంచండి. మైక్‌లు ఎక్కువగా చచ్చేది అక్కడే.

4. ప్లగ్ కుదరకపోతే

ఇక్కడే జనం టెన్షన్ పడి అనవసరంగా కొత్త మైక్ కొంటారు. ఫోన్‌ల కోసం చేసిన మైక్ ప్లగ్ మీద మూడు నల్ల గీతలుంటాయి, బాడీప్యాక్‌లకు సాధారణంగా రెండు గీతల ప్లగ్ కావాలి. నేరుగా గుచ్చితే మైక్ పలకదు. మూడు గీతల నుంచి రెండు గీతలకు మార్చే అడాప్టర్ చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఇలాంటివి సులువుగా దొరుకుతాయి. కొన్ని కంపెనీల ప్యాక్‌లకు మూడు లేదా నాలుగు పిన్నుల చిన్న ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఉంటుంది. పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ప్యాక్ మాన్యువల్ చూడకుండా టంకం పెట్టకండి.

ఎలెక్ట్రెట్‌కి పనిచేయడానికి కొద్దిపాటి కరెంటు కావాలి, దాన్ని బాడీప్యాక్ ఇస్తుంది. అది ఏ పిన్ను మీద వస్తోందో మల్టీమీటర్‌తో చూడవచ్చు. సాకెట్‌లో ఒక ఖాళీ ప్లగ్ పెట్టి, ప్యాక్ ఆన్ చేసి, మీటర్ నల్ల తీగను ప్లగ్ అడుగు భాగానికి, ఎర్ర తీగను మొనకు ఆనించండి. మూడు నుంచి అయిదు వోల్టుల దాకా కనిపిస్తే మైక్ వైరు మొనకే రావాలి. ఏమీ కనిపించకపోతే మధ్య భాగం చూడండి.

క్యాప్సూల్ నుంచి సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. వెనక ఉన్న రెండు చుక్కల్లో లోహపు తొడుగుకు కలిసి ఉన్నది గ్రౌండ్, వైరు లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక అక్కడికి వెళ్లాలి. రెండోది సిగ్నల్. 25 వాట్ల ఐరన్‌తో రెండు సెకన్లలో ముగించండి, వేడి ఎక్కువైతే క్యాప్సూల్ పోతుంది. ఒకప్పుడు ఇలా కట్టుకునేవాళ్లు ఇష్టంగా వాడిన పానాసోనిక్ డబ్ల్యూఎం-61ఏ క్యాప్సూల్ తయారీ ఆగిపోయింది. ఆ పేరుతో ఇప్పుడు చౌకగా అమ్మేవాటిని నమ్మకండి. ప్లగ్ దగ్గర ష్రింక్ ట్యూబ్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) రెండు పొరలు వేయడం మరిచిపోవద్దు.

వైరు మైక్‌ను నేరుగా మిక్సర్‌కి కలపాలనుకుంటే, మామూలు మార్పిడి కేబుల్‌తో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ కేబుల్ గుండా మైక్‌కి పంపే కరెంటు) ఇవ్వకండి. ఆ వోల్టేజీని తగ్గించి ఇచ్చే అడాప్టర్ మధ్యలో ఉండాల్సిందే.

5. ఎక్కడ పెట్టాలి?

అసలు పని ఇదే. మంచి మైక్ తప్పు చోట పెట్టడం కన్నా చౌక మైక్ సరైన చోట పెట్టడం ఎప్పుడూ మేలు. నోటికీ మైక్‌కీ దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి వాల్యూమ్ పెంచితే హౌలింగ్ మొదలవుతుంది.

ఛాతీ మీద పెట్టడం టీవీ చర్చలకు సరిపోతుంది, మన రంగస్థలానికి అంతగా సరిపోదు. హరిదాసు మెడలో పూలదండ ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా అది మైక్‌ను రాసుకుని బరబరమంటుంది. బుర్రకథలో కథకుడి భుజాన తంబుర ఉంటుంది, ఛాతీ మైక్ కథ కన్నా తంబురనే ఎక్కువ వింటుంది. పౌరాణిక వేషాల్లో హారాలూ జరీ అంచులూ సరేసరి. పైగా నటుడు తల పక్కకు తిప్పితే గొంతు సగానికి పడిపోతుంది.

వీళ్లకు రెండే మంచి చోట్లు. ఒకటి చెంప మీద, నోటి చివరకు రెండు వేళ్ల దూరంలో. వైరును చెవి మీదుగా వెనక్కి తీసుకెళ్లి చర్మం రంగు టేపు వేయాలి. గెంతులు ఎక్కువున్న పాత్రలకూ, పాత్రధారి తానే మాట్లాడి పాడే కూచిపూడి యక్షగానాలకూ ఇదే నయం. రెండోది నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోట. అక్కడ మైక్ కనపడదు, తల ఎటు తిరిగినా నోటికి దూరం మారదు.

కిరీటం పెట్టే పాత్రకు నుదుటి మైక్ ఇలా అమర్చండి. మేకప్ మొదలుపెట్టకముందే తల చుట్టూ సన్నటి ఎలాస్టిక్ పట్టీ వేయండి. వైరును ఆ పట్టీకి రెండు మూడు చోట్ల దారంతో కుట్టండి. మైక్ మొన జుట్టు అంచు దాటి చిటికెన వేలి గోరంత ముందుకు రావాలి. వైరును నడినెత్తి మీదుగా మెడ వెనక్కి దించి, మెడ కింద సర్జికల్ టేపు వేసేముందు నటుణ్ని గడ్డం ఛాతీకి ఆనించమనండి. ఆ భంగిమలో ఎంత వైరు కావాలో అంత వదులు ఉంచాలి. లేకపోతే మొదటి పాదాభివందనంలోనే టేపు ఊడిపోతుంది. విగ్గు, కిరీటం ఆ తర్వాత. మైక్‌ను కిరీటానికే తగిలిస్తే పని సులువే, కానీ కిరీటం జరిగినా, రంగంలో తీసి పక్కన పెట్టినా మైక్ కూడా దాంతోనే పోతుంది. కిరీటం అంచు మైక్ మీదికి దిగకుండా చూడండి, దిగితే గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ప్యాక్‌కు నడుము వెనక గుడ్డ సంచీ కుట్టించండి. నటుడు వెల్లకిలా పడే రంగం ఉంటే పక్కకు మార్చండి. ప్యాక్ ఏరియల్‌ను (యాంటెన్నాను) మైక్ వైరుతో కలిపి చుట్టకండి. స్విచ్ మీద టేపు వేసేయండి.

6. చెమట, మేకప్

ఎండాకాలం జాతర్లలో లైట్ల కింద రెండు గంటలు ఆడితే చెమట వైరు వెంబడే జారి క్యాప్సూల్‌లోకి దిగుతుంది. చెంప మైక్ అయితే మొన వెనక వైరును చిన్న మెలికగా కిందికి వంచి టేపు వేయండి, చుక్క ఆ మెలిక దగ్గరే రాలిపోతుంది. ప్యాక్‌ను పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. పెద్ద పెద్ద నాటకశాలల్లో దీనికి లూబ్రికెంట్ లేని కండోమ్ వాడతారు, అంతకన్నా చౌకగా గట్టిగా పట్టే తొడుగు ఇంకోటి లేదు. మేకప్ ఆర్టిస్టుకు ముందే చెప్పండి, పౌడర్ అద్దేటప్పుడు మైక్ మొన మీద వేలు అడ్డు పెట్టుకోవాలి.

7. శబ్దం సర్దుకోవడం

గెయిన్‌ను (మైక్ నుంచి వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్‌ను) మామూలు సంభాషణతో కాదు, ఆ పాత్ర అరిచే డైలాగుతోనో పై స్థాయి పద్యంతోనో పెట్టండి. ప్యాక్‌లో గెయిన్ అట్టడుగుకు తెచ్చినా గొంతు పగులుతుంటే మైక్‌ను చెంప నుంచి నుదుటికి మార్చండి. మిక్సర్‌లో 100 నుంచి 150 హెర్ట్జ్ కింద శబ్దం కోసేయండి, అడుగుల చప్పుడూ బట్టల బరబరా చాలావరకు పోతాయి. నుదుటి మైక్‌కి తీక్షణత (ట్రెబుల్) కొద్దిగా పెంచాలి.

ఇద్దరు మైక్ నటులు కౌగిలించుకున్నప్పుడు ఇద్దరి గొంతూ రెండు మైక్‌లలోనూ పడి డొల్లగా వినిపిస్తుంది. ఆ క్షణంలో ఒక మైక్ తగ్గించాలి. అందుకే సౌండ్ ఆపరేటర్‌ను కనీసం చివరి రిహార్సల్‌కైనా పిలిపించి, ఎవరి మైక్ ఎక్కడ తెరవాలో గుర్తుపెట్టిన స్క్రిప్ట్ చేతికివ్వండి. ప్రదర్శన రోజు నేరుగా వచ్చే ఆపరేటర్ ఎంత నిపుణుడైనా మొదటి డైలాగ్ మింగేస్తాడు.

ప్రతి ప్రదర్శనకూ కొత్త బ్యాటరీలు వేయండి, పెద్ద నాటకమైతే విరామంలో మళ్లీ మార్చండి. తెర పడ్డాక మైక్‌లను పొడి గుడ్డతో తుడిచి, రాత్రంతా ఆరనివ్వండి. వైరును నాలుగు వేళ్ల వెడల్పు చుట్టగా వదులుగా చుట్టి, పాత్ర పేరు రాసిన డబ్బాలో పెట్టండి. బ్యాటరీలు ప్యాక్‌లో వదిలేస్తే కారిపోయి లోపలి స్ప్రింగులు తింటాయి, వాటిని తీసి విడిగా ఉంచండి.