చెరువు నీళ్లలో బతికున్న హైడ్రాను ఎలా చూడాలి?

ఒడిశాలో మన పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల చెరువులకు కొదవ లేదు. మన పిల్లలు ఒడియా మీడియంలో చదివినా, ఇంగ్లీషు మీడియంలో చదివినా, హైడ్రా అనే చిన్న మంచినీటి జీవి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు. ప్రాణంతో ఉన్న హైడ్రాను మాత్రం చూసి ఉండరు. నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే దానికి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు. మంచి భూతద్దం చాలు.

చలికాలంలో వెతకండి. నీళ్లు తేటగా, నిలకడగా ఉన్న చెరువు కావాలి. బట్టలుతికే రేవు, పురుగుమందు కొట్టిన పొలం నీళ్లు దిగే చోటు వద్దు. పిల్లలతో పెద్దవాళ్లు ఎవరైనా వెళ్లాలి.

గట్టు పక్కన నీళ్లలో మునిగున్న నాచు తీగలు, తామరాకు ముక్కలు గుప్పెడు తీసి, అదే చెరువు నీళ్లతో గాజు సీసాలో వేయండి. కుళాయి నీళ్లు కలపొద్దు, క్లోరిన్‌కి హైడ్రా చచ్చిపోతుంది. రాగి పాత్ర కూడా వాడొద్దు.

సీసాను కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగలని చోట పెట్టి రెండు మూడు గంటలు కదపకండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. కదిలిస్తే హైడ్రా ముడుచుకుని చిన్న చుక్కయిపోతుంది, ఏమీ లేదనుకుని నీళ్లు పారబోసేస్తారు. అది స్థిమితపడ్డాక వెలుగు వచ్చే వైపు గాజును, ఆకుల అడుగును వెతకండి. అర సెంటీమీటరు పొడవున సన్నని దారప్పోగులా వేలాడుతూ, కొసన ఐదారు స్పర్శకాలతో (చేతుల్లాంటి సన్నని పోగులతో) కనిపిస్తుంది. గోధుమ రంగువి ఉంటాయి, ఆకుపచ్చవీ ఉంటాయి. ఆకుపచ్చవాటి కణాల్లో శైవలాలు (కంటికి కనిపించని నాచు) కాపురం ఉంటాయి.

ఆ నీళ్లలోనే గెంతుతూ తిరిగే డాఫ్నియాలు అనే చిన్న నీటిజీవులు దొరుకుతాయి. డ్రాపర్‌తో ఒకదాన్ని హైడ్రా దగ్గర వదలండి. స్పర్శకం తగలగానే దంశకణాల్లోంచి, అంటే కుట్టే కణాల్లోంచి, విషపు పోగులు దూసుకొస్తాయి, డాఫ్నియా గిలగిల్లాడి ఆగిపోతుంది. దాన్ని మెల్లగా నోట్లోకి లాక్కున్నాక, పలచని ఒంట్లోంచి లోపలి ముద్ద మనకు కనిపిస్తూనే ఉంటుంది. అరగని తుక్కు తిరిగి ఆ నోట్లోంచే బయటికొస్తుంది. గోపాల్‌పూర్ తీరంలో జెల్లీఫిష్ కుట్టేదీ ఇలాంటి కణాలతోనే. హైడ్రా కుడితే మాత్రం మన చర్మానికి తెలియదు.

తిండి బాగా దొరికితే పక్కన మొగ్గ తొడిగి, అదే పిల్ల హైడ్రాగా విడిపోతుంది.

1740ల్లో అబ్రహాం ట్రెంబ్లే అనే ప్రకృతి శాస్త్రవేత్త హైడ్రాను రెండుగా కోస్తే రెండు ముక్కలూ పూర్తి హైడ్రాలయ్యాయి. మీరూ చేయాలనుకుంటే కొత్త బ్లేడుతో నడిమికి కోసి, ముక్కల్ని చెరువు నీళ్లలోనే ఉంచండి. రెండు మూడు రోజుల్లో కింది ముక్కకు స్పర్శకాలు వస్తాయి. అప్పటిదాకా దానికి తిండి వేయకండి.

చూడటం అయ్యాక నీళ్లు తెచ్చిన చెరువులోనే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోండి.