పెద్ద టీవీ పోరుకు పిలుపు రావాలంటే: అమెరికాలో హెవీవెయిట్ బాక్సర్ దరఖాస్తు విధానం

టీవీలో వచ్చే పెద్ద పోరుకు దరఖాస్తు ఫారమంటూ ఏదీ ఉండదు. ఫారాలున్నది గుర్తింపు కార్డుకు, రాష్ట్ర లైసెన్సుకు, వీసాకు. కానీ పేరున్న ప్రత్యర్థి చివర్లో తప్పుకుంటే పోరు నిర్వహించే ప్రమోటర్ ఫోన్ ఎవరికి వెళ్తుందన్నది చాలావరకు ఈ కాగితాలే తేలుస్తాయి. మిగతా బరువుల్లో వారం వ్యవధిలో పిలుపొస్తే బాక్సర్ ముందు బరువు దించుకోవాలి. 200 పౌండ్లు దాటిన హెవీవెయిట్‌కు పై పరిమితి లేదు కాబట్టి ఆ బాధ లేదు. అందుకే పెద్దగా పేరు లేనివాళ్లకు తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఇక్కడే.

2019 జూన్ 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ ఆంటొనీ జాషువాతో తలపడాల్సినవాడు జారెల్ మిల్లర్. ఏప్రిల్లో డోపింగ్ పరీక్షల్లో దొరికాడు, పోరులను నియంత్రించే రాష్ట్ర కమిషన్ లైసెన్సు ఇవ్వలేదు. ప్రమోటర్ ఎడ్డీ హెర్న్‌కు ఇన్‌స్టాగ్రామ్‌లో సందేశం పంపి ఆ చోటు అడిగి తీసుకున్నది ఆండీ రూయిజ్. కథ అందరికీ తెలిసిందే: 268 పౌండ్ల రూయిజ్ జాషువాను నాలుగుసార్లు పడగొట్టి ఏడో రౌండులో పోరు ముగించాడు. చాలామంది చూడని సంగతి ఇంకొకటుంది. రూయిజ్ ఏప్రిల్ 20నే కాలిఫోర్నియాలోని కార్సన్‌లో అలెగ్జాండర్ దిమిత్రెంకోపై గెలిచి ఉన్నాడు. అంటే ఒళ్లు పోరాట స్థితిలో ఉంది, మ్యాచ్ రికార్డు తాజాగా ఉంది. ఆ సందేశానికి బరువు వచ్చింది అక్కడే.

ఫెడరల్ గుర్తింపు కార్డు

1996 నాటి ప్రొఫెషనల్ బాక్సింగ్ సేఫ్టీ చట్టం ప్రకారం ప్రతి ప్రొఫెషనల్ బాక్సర్ తాను నివసించే రాష్ట్ర కమిషన్‌లో నమోదు కావాలి. విదేశీయులు, కమిషన్ లేని రాష్ట్రాలవాళ్లు ఏ రాష్ట్ర కమిషన్‌లోనైనా నమోదు కావచ్చు. ఇటీవలి ఫోటోలు రెండు ఇవ్వాలి. కార్డు మీద ఫోటోతో పాటు మీ సొంత నంబరు ఉంటుంది, రాష్ట్రం మారినా నంబరు మారదు. కనీసం నాలుగేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పని చిన్నదే, పొరపాటు మాత్రం తరచూ పేరు దగ్గర జరుగుతుంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఇంకోచోట ఉంటాయి. కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా, రక్తపరీక్ష రిపోర్టులో మరోలా ఉంటే కమిషన్ గుమాస్తా ముగ్గురు మనుషులని అనుకుంటాడు. మొదటి రోజే పాస్‌పోర్టులోని స్పెల్లింగును ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే రాయించండి.

రాష్ట్ర లైసెన్సు, వైద్య రిపోర్టులు

కార్డు ఉన్నంత మాత్రాన పోరాడలేరు. పోరు జరిగే రాష్ట్రం నుంచి వేరే లైసెన్సు కావాలి. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, అదీ ల్యాబు దగ్గరే.

అడిగేవి దాదాపు ఇవి: సాధారణ వైద్య పరీక్ష, ఈసీజీ, కనుపాప పెద్దది చేసి చూసే కంటి పరీక్ష, మెదడు ఎంఆర్ఐ, నెవాడా లాంటి చోట్ల మెదడు రక్తనాళాలకు ఎంఆర్ఏ, రక్తంలో హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ. దేని గడువు ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. రక్తపరీక్షలు త్వరగా పాతబడతాయి, స్కాన్లు ఎక్కువకాలం చెల్లుతాయి. కాబట్టి స్కాన్ కాపీలు డిస్కుతో సహా దాచుకోండి, రక్తపరీక్షలు మాత్రం మామూలుగా పోరు లేకపోయినా క్రమం తప్పకుండా చేయించుకుంటూ ఉండండి.

హెపటైటిస్ బీ విషయంలో ఒక చిక్కుంది. కమిషన్‌కు కావాల్సింది సర్ఫేస్ యాంటీజెన్ పరీక్ష, అంటే వైరస్ ఉందా లేదా అన్నది. ల్యాబువాళ్లు కొన్నిసార్లు సర్ఫేస్ యాంటీబాడీ చేసి పంపుతారు. అది టీకా పనిచేసిందా లేదా చెప్పేది. ఆ రిపోర్టు తిరిగొస్తుంది, రెండు రోజులు పోతాయి. ల్యాబు చీటీ మీద ‘యాంటీజెన్’ అని రాసి ఉందో లేదో రక్తం ఇవ్వకముందే చూసుకోండి. కంటి పరీక్ష కూడా అంతే: కళ్లద్దాల దుకాణంలో చూసేవాళ్ల సంతకం కొన్ని కమిషన్లకు చెల్లదు, కంటి డాక్టరు సంతకమే కావాలి.

నాకౌట్ అయితే కమిషన్ వైద్య సస్పెన్షన్ వేస్తుంది, ఆ గడువులో ఇంకో రాష్ట్రంలోనూ రింగెక్కడానికి వీలుండదు. దాచిపెట్టి లాభం లేదు, కమిషన్లన్నీ ఒకే జాబితా చూస్తాయి. సస్పెన్షన్‌కు డాక్టరు క్లియరెన్స్ షరతు ఉంటే, గడువు ముగిసిన వారంలోనే ఆ లేఖ తెచ్చి పెట్టుకోండి. తేదీ దాటితే అదే తొలగిపోతుందనుకుంటారు చాలామంది, తొలగదు. అన్నీ సరిగా ఉన్నా, వరుసగా ఓడిపోయినవాణ్ణి పెద్ద పేరు ముందు నిలబెడితే అసలు పోరునే తిరస్కరించే అధికారం కమిషన్‌కు ఉంది.

న్యూయార్క్ సంగతి వేరు. 2013లో అక్కడ పోరాడి మెదడుకు తీవ్ర గాయమైన మగొమెద్ అబ్దుసలామొవ్ ఉదంతం తర్వాత నిబంధనలు బిగించారు. 2016 నుంచి ప్రాణాంతక మెదడు గాయానికి బాక్సర్‌కు 10 లక్షల డాలర్ల బీమా ప్రమోటరే చేయాలి. చిన్న ప్రమోటర్లకు ఇది భారమే, అందుకే అక్కడ చిన్న బాక్సింగ్ పోటీలు తగ్గాయి. మీరు ఫామ్‌లో ఉండటానికి ఆడే మ్యాచ్‌లు వేరే రాష్ట్రంలో చూసుకోవాల్సి రావచ్చు.

బయటి దేశం నుంచి వచ్చేవారికి వీసా, పన్ను

క్రీడాకారులకు పీ-1ఏ వీసా. దరఖాస్తు మీరు చేయలేరు, అమెరికాలోని ప్రమోటరో ఏజెంటో ఐ-129 పిటిషన్ వేయాలి. ర్యాంకు, జాతీయ జట్టు తరఫున అంతర్జాతీయ పోటీల్లో ఆడిన ఆధారం, క్రీడా సంఘం లేఖ లాంటివి జతచేయాలి. ప్రీమియం ప్రాసెసింగ్ కట్టినా 15 పనిదినాలు అడుగుతారు, ఆ తర్వాత హైదరాబాద్ కాన్సులేట్లోనో మరోచోటో ఇంటర్వ్యూ. రెండు వారాల ముందు ఫోనొస్తే ఇదంతా అయ్యే పని కాదు. వ్యక్తిగత క్రీడాకారుడికి ఐదేళ్ల వరకూ ఇస్తారు కనుక చిన్న పోరు పేరుతోనైనా ముందే తెచ్చుకోవడం తెలివైన పని. మీ కోచ్‌కు విడిగా పీ-1ఎస్ కావాలి, అది మరిచిపోయి రింగు మూలలో కొత్తవాడితో గడిపినవాళ్లున్నారు.

పన్ను లెక్క ఇంకా కఠినం. విదేశీయుడి పర్సులో, అంటే పోరుకు ఇచ్చే డబ్బులో, 30 శాతం ముందే కోసేస్తారు. తగ్గించమని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు 13930 ఫారంతో అడగవచ్చు గానీ, అది తొలి ఈవెంటుకు కనీసం 45 రోజుల ముందు చేరాలి. చివరి నిమిషం పోరులో ఆ దారి మూసుకుపోయినట్టే, ఏడాది ముగిశాక రిటర్ను వేసి తెచ్చుకోవాలి. పర్సు 1,00,000 డాలర్లు అనుకుందాం: పన్ను 30,000, మేనేజర్‌కు మూడో వంతు, ట్రైనర్‌కు 10 శాతం పోగా చేతికొచ్చేది 27,000 లోపే. శిక్షణ క్యాంపు ఖర్చు ఇంకా తియ్యలేదు.

ర్యాంకు, మ్యాచ్‌మేకర్ కళ్లు

ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థలు డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ. వీటి టైటిల్‌కు పోరాడాలంటే మామూలుగా మొదటి 15 మందిలో ఉండాలి. మీ ర్యాంకు అన్యాయమనిపిస్తే 2000 నాటి ముహమ్మద్ అలీ చట్టం మీకో హక్కిచ్చింది: ప్రశ్నిస్తూ రాస్తే ఆ సంస్థ ఏడు రోజుల్లో రాతపూర్వకంగా కారణం చెప్పాలి. వాడుకునేవాళ్లు తక్కువ. డబ్ల్యూబీసీ మొదటి 15 మంది డోపింగ్ పరీక్షల పథకమైన క్లీన్ బాక్సింగ్ ప్రోగ్రాంలో చేరాలి, ఎప్పుడు ఎక్కడ ఉంటారో తెలియజేస్తూ ఉండాలి. పరీక్షలు చేసేది వాడా. ఇది ఒలింపిక్స్‌ను చూసే వాడా కాదు, వలంటరీ యాంటీ డోపింగ్ అసోసియేషన్. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం కాబట్టి ఈ తికమక.

పోరుకు జోడీ కుదిర్చే మ్యాచ్‌మేకర్ మొదట చూసేది బాక్సర్ల రికార్డులుండే వెబ్‌సైట్ బాక్స్‌రెక్‌లోని మీ పేజీ: చివరి పోరు ఎప్పుడు, ఎన్ని రౌండ్లు నిలబడ్డాడు. ఏడాది ఖాళీగా ఉంటే ఆ ర్యాంకింగులోంచి పేరే పోతుంది. 2023 ఆగస్టులో లండన్‌లో జాషువా ప్రత్యర్థి డిలియన్ వైట్ వాడా పరీక్షలో తేడా రావడంతో తప్పుకున్నాడు (తర్వాత నిర్దోషిగా తేలాడు). పోరు 12న. ఆ చోటు దక్కిన రాబర్ట్ హెలేనియస్ 5వ తేదీనే ఫిన్లాండ్‌లో ఇంకో మ్యాచ్ ఆడి గెలిచాడు. అతనూ ఏడో రౌండులో నాకౌటయ్యాడు, అది వేరే విషయం. మ్యాచ్‌మేకర్లకు అప్పుడు కావాల్సింది ఫిట్‌గా ఉన్న పేరు, అతను ఉన్నాడు.

ఫోన్ వచ్చాక

ఒప్పందంలో పర్సు కంటే ముందు రెండు క్లాజులు చదవండి. ఒకటి ఆప్షన్లు: మీరు గెలిస్తే తర్వాతి పోరాటాల హక్కులు ఎదుటి ప్రమోటర్‌కే. ప్రమోటర్‌తో ఒప్పందం ఉన్న బాక్సర్‌తో ఆడాలంటే మీ హక్కులు రాసివ్వాలని షరతు పెడితే, అది 12 నెలలకు మించి చెల్లదని అలీ చట్టం చెబుతోంది. ఛాంపియన్ తప్పక ఆడాల్సిన ‘తప్పనిసరి ఛాలెంజర్’ పోరైతే అసలు అడగకూడదు. రెండోది రీమ్యాచ్, అంటే ఓడినవాడితో మళ్లీ ఆడాలన్న షరతు. రూయిజ్ బెల్టులు ఆరు నెలలకే, 2019 డిసెంబర్ 7న సౌదీలో చేజారింది ఈ క్లాజు వల్లే. 10 రౌండ్లు, ఆపైన పోరుల్లో మీ మేనేజర్‌కు ప్రమోటర్ వ్యాపారంలో వాటా ఉండకూడదన్న నియమం ఉంది, అడిగి తెలుసుకోండి.

తర్వాత మిగిలేది ఒక కవరు: పాస్‌పోర్టు, రిపోర్టుల కాపీలు, ఫెడరల్ కార్డు. కార్డును బరువు తూచే సమయానికల్లా కమిషన్‌కు చూపాలని చట్టమే చెబుతోంది. హోటల్ గదిలో సూట్‌కేసులో వదిలేసి రావడం చూస్తూనే ఉంటాం. అందుకే దాన్ని ఆ రోజు జేబులోనే ఉంచుకోండి.