పెళ్లి వీడియో టీవీలో రావట్లేదా? తప్పు ఫైల్‌దా, వైఫైదా ముందు తేల్చుకోండి

పాత క్యాసెట్లు డిజిటల్ చేయించి, ఫోన్లలో పేరుకుపోయిన వీడియోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఎవరికైనా ఉండే కోరిక ఒకటే. హాల్లో కూర్చుని రిమోట్ నొక్కితే, కంప్యూటర్‌లోని బొమ్మ ఇంటి వైఫై మీదుగా టీవీలో రావాలి. రాకపోతే అందరూ ముందు తిట్టేది వైఫైని. కొందరైతే కొత్త రౌటర్ కొనేస్తారు. డబ్బు తీసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి.

మొరాయిస్తున్న ఆ ఫైల్‌నే పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి పెట్టండి. చక్కగా ఆడితే ఫైల్‌లో లోపం లేదు, దారిలో ఉంది. అక్కడా ఆడకపోతే ఎన్ని రౌటర్లు మార్చినా లాభం లేదు. ఒక జాగ్రత్త: ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి. పాత టీవీ దాన్ని చదవకపోతే 4 జీబీ లోపు ఉన్న అలాంటి ఫైల్‌తోనే పరీక్షించండి.

టీవీలో కంప్యూటర్ పేరే కనబడట్లేదు

విండోస్‌లో ముందు చూడాల్సింది నెట్‌వర్క్ రకం. వైఫైకి కలిపినప్పుడు విండోస్ దాన్ని ‘పబ్లిక్’ అనుకుంటే, ఇంట్లోని మిగతా పరికరాలకు కంప్యూటర్‌ను కనబడనివ్వదు. రైల్వే స్టేషన్ వైఫైకి అది మంచిదే, ఇంటికి కాదు. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌కి వెళ్లి ‘ప్రైవేట్’ చేయండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరిచి, మీడియా స్ట్రీమింగ్ ఆప్షన్స్ ఆన్ చేయండి. అక్కడ వచ్చే జాబితాలో మీ టీవీ ‘బ్లాక్డ్’ అని ఉంటే ‘అలౌడ్’కి మార్చండి. వీడియోలున్న ఫోల్డర్‌ని విండోస్ వీడియోస్ లైబ్రరీలో చేర్చడం మరిచిపోవద్దు. చేర్చకపోతే కంప్యూటర్ కనబడుతుంది, లోపల మాత్రం ఖాళీ.

ఇదంతా చేసినా కనబడకపోతే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఫైబర్ కనెక్షన్ వాళ్లిచ్చిన మోడెమ్ ఒకటి, మేడ మీదికి సిగ్నల్ కోసం మనం కొన్న రౌటర్ ఇంకొకటి ఉన్న ఇళ్లలో ఇది మామూలే. టీవీలోనూ కంప్యూటర్‌లోనూ ఐపీ అడ్రస్ చూడండి. ఒకటి 192.168.1 తోనూ, ఇంకొకటి 192.168.0 తోనూ మొదలైతే అవి వేర్వేరు నెట్‌వర్క్‌లు, ఒకదానికొకటి కనబడవు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా మొదటిదాన్నే పంచే పద్ధతిలో) పెడితే సరిపోతుంది. గెస్ట్ వైఫైకి కలిపిన టీవీదీ ఇదే గొడవ, ఎందుకంటే గెస్ట్ వైఫై పరికరాలను మామూలుగా ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ వాడుతున్నారా? అందులో వీపీఎన్, ఫైర్‌వాల్ రెండూ కంపెనీ చేతిలో ఉంటాయి. దానితో కుస్తీ పట్టడం దండగ, ఇంటి కంప్యూటర్ వాడండి.

కనబడుతోంది, నొక్కితే ‘ఈ ఫార్మాట్ ఆడదు’ అంటోంది

అసలు విషయం ఇక్కడ ఉంది. ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ, ఎంఓవీ అనేవి పైన ఉండే డబ్బాలు మాత్రమే. లోపల బొమ్మ ఏ కోడెక్‌లో (అంటే నమోదు చేసే పద్ధతిలో) ఉంది, సౌండ్ ఏ కోడెక్‌లో ఉంది అన్నదే టీవీకి ముఖ్యం. కంప్యూటర్‌లో ఫైల్‌ని వీఎల్‌సీలో తెరిచి, కంట్రోల్ బటన్ పట్టుకుని జే నొక్కితే లోపలి సంగతంతా చూపిస్తుంది.

మినీ డీవీ క్యాసెట్ నుంచి ఎక్కించినదైతే డీవీ కోడెక్‌లో, ఏవీఐ ఫైల్‌గా వస్తుంది. గంట వీడియో దాదాపు 13 జీబీ. చాలా టీవీలు దాన్ని ముట్టవు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో, ఎంపీ4గా మార్చుకోండి. ఈ మూడూ కలిసి ఉంటే ఆడని స్మార్ట్ టీవీ అరుదు. క్వాలిటీ అంకె 18, 20 మధ్యలో పెట్టండి, అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగు. ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ దగ్గర టిక్ పెడితే టీవీలో వీడియో త్వరగా మొదలవుతుంది. అసలు ఫైల్‌ని మాత్రం డిలీట్ చేయకండి. క్యాసెట్‌కి బూజు పట్టాక మిగిలేది అదే.

మార్చిన వీడియోలో ఎవరైనా కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనబడితే కారణం ఇంటర్లేసింగ్. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకి 50 సగం బొమ్మలు నమోదవుతాయి. సరి గీతలు ఒక సగంలో, బేసి గీతలు ఇంకో సగంలో. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్‌కి వెళ్లి డీఇంటర్లేస్‌ని యాడిఫ్‌గా, ప్రీసెట్‌ని ‘బాబ్’గా పెట్టండి. మామూలు ప్రీసెట్ సెకనుకి 25 బొమ్మలే ఇస్తుంది, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30కి పరిమితం కాకుండా ఉంటే బాబ్ 50 ఇస్తుంది. బారాత్‌లో డ్యాన్స్ దగ్గర ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

బొమ్మ వస్తోంది, సౌండ్ లేదు

పెళ్లి వీడియో తీసినవాళ్లు ఇచ్చే ఎంఓవీ ఫైళ్లలో సౌండ్ తరచుగా పీసీఎంలో, అంటే కుదించకుండా ఉంటుంది. ఎడిటింగ్‌కి అది బాగుంటుంది కానీ చాలా టీవీలు దాన్ని పట్టించుకోవు. బొమ్మ హెచ్.264లోనే ఉంటే మొత్తం మళ్లీ మార్చనక్కర్లేదు. అవిడెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వీడియోని ‘కాపీ’ అని వదిలేసి, ఆడియోని ఏఏసీ చేసి, ఎంపీ4గా సేవ్ చేయండి. బొమ్మని ముట్టుకోదు కాబట్టి క్వాలిటీ తగ్గదు, పని కూడా త్వరగా అయిపోతుంది. వీడియోగ్రాఫర్‌కి ముందే ‘టీవీలో ఆడే ఎంపీ4 కూడా ఇవ్వండి’ అని చెబితే ఈ తిప్పలే ఉండవు. మిగతా డబ్బు ఇచ్చేలోపు చెప్పండి.

ఆగి ఆగి వస్తోంది, మధ్యలో గిర్రున తిరుగుతోంది

‘మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్’ అని చాలామంది అంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ వీడియో ఇల్లు దాటి వెళ్లదు, నెట్ పోయినా టీవీలో రావాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది రౌటర్‌కీ, ఈ రెండు పరికరాలకీ మధ్య ఉన్న దారి. కంప్యూటర్, టీవీ రెండూ వైఫైలోనే ఉంటే ప్రతి బొమ్మా రెండుసార్లు గాలిలో ప్రయాణించాలి, కంప్యూటర్ నుంచి రౌటర్‌కి ఒకసారి, అక్కడి నుంచి టీవీకి ఇంకోసారి. అందుకే కంప్యూటర్‌ని ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపితే సగం భారం దిగిపోతుంది. అది కుదరకపోతే రెండింటినీ 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. మధ్యలో రెండు గోడలుంటే 5 కూడా నీరసపడుతుంది.

బరువైన ఫైల్ ఏదో కూడా తెలిసి ఉండాలి. ఐఫోన్‌లో 4కే, సెకనుకి 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ. అంటే ఆగకుండా 53 ఎంబీపీఎస్ అందాలి. అదే 30 ఫ్రేములైతే 170 ఎంబీ, 23 ఎంబీపీఎస్ చాలు. పిల్లల బర్త్‌డేకి 60 ఫ్రేములు అక్కర్లేదు.

జెల్లీఫిన్ లాంటి సర్వర్ (కంప్యూటర్‌లోని వీడియోలను టీవీకి అందించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. టీవీకి పడని ఫైల్‌ని సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపుతుంది, పాత కంప్యూటర్ ఆ పని అందుకోలేక ఆయాసపడుతుంది. వీడియో ఆడుతుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ 100 శాతం దగ్గర కూర్చుంటే వైఫైని అనకండి. ఫైల్‌ని ముందే మార్చిపెట్టుకోండి. అన్నట్టు, అందులో లైబ్రరీ రకం ‘మూవీస్’ కాకుండా ‘హోమ్ వీడియోస్ అండ్ ఫొటోస్’ అని ఎంచుకోండి. లేదంటే మీ అన్నప్రాసన వీడియోకి ఏదో ఇంగ్లిష్ సినిమా పోస్టర్ తగిలిస్తుంది. ఇంకోటి, 10.9 వెర్షన్ నుంచి అందులో డీఎల్‌ఎన్‌ఏని (టీవీ, సర్వర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టి వీడియో పంచుకునే పద్ధతిని) ప్లగిన్‌గా విడిగా వేసుకోవాలి. అప్‌డేట్ చేయగానే టీవీలో సర్వర్ మాయమైతే కారణం అదే కావచ్చు.

చిన్నాచితకా

నిలువుగా తీసిన ఫోన్ వీడియో టీవీలో పక్కకి పడుకుంటోందంటే, ఎటు తిప్పాలో ఫైల్‌లో రాసి ఉన్నా టీవీ చదవట్లేదన్నమాట. హ్యాండ్‌బ్రేక్‌లో ఒకసారి మారిస్తే నిలబడుతుంది. తెలుగులో పెట్టిన ఫైల్ పేర్లు డబ్బాలుగా కనబడితే టీవీలో తెలుగు ఫాంట్ లేదు. ఆ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవడమే దారి.

సినిమా మధ్యలో సర్వర్ మాయమైపోతే కంప్యూటర్ నిద్రపోయిందని అర్థం. పవర్ సెట్టింగ్స్‌లో ‘స్లీప్’ని ‘నెవర్’ చేయండి. ల్యాప్‌టాప్ అయితే మూత మూసినా ‘డు నథింగ్’ అని పెట్టండి, దాన్ని చార్జర్‌కి కలిపి ఉంచండి.

ఇక రేపు ఫంక్షన్, ఇవాళ రాత్రి ఇదంతా చదువుతున్నారంటే ఏ సెట్టింగూ ముట్టుకోకండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి, వీఎల్‌సీలో ఫుల్‌స్క్రీన్ పెట్టేయండి.