భోగికి అటక దులుపుతున్నారా? వావిళ్ల వారి (పాతకాలపు తెలుగు ప్రచురణ సంస్థ) పుస్తకాలు దొరికితే ఇవి చూసుకోండి

– ముందే బైండింగ్‌కి ఇవ్వకండి, టేపు అంటించకండి. బైండరు అంచులు కోసి పాత అట్ట పారేస్తాడు. ధర, ముద్రణ వివరాలు చాలాసార్లు దాని మీదే ఉంటాయి.

– 1854 అని కనిపించగానే మురిసిపోకండి. అది వావిళ్ల వారి సంస్థ పుట్టిన ఏడాది, మీ చేతిలో పుస్తకానిది కాదు.

– తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉంటే టెన్షనే! 'సౌమ్య' 1909లోనూ వచ్చింది, 1969లోనూ వచ్చింది. అప్పుడు ధర చూడండి: అణాల్లో ఉంటే పాతది, నయాపైసలుంటే 1957కి ముందుది కాదు.

– చిరునామాలో పిన్‌కోడ్ ఉందా? 1972కి ముందు పిన్‌కోడే లేదు.

– పేజీలు వరసగా లెక్కపెట్టండి. పురుగు తిన్న చిల్లుల కన్నా ఊడిపోయిన ముఖపత్రమే ఎక్కువ ధర తగ్గిస్తుంది.

– ఆన్‌లైన్‌లో అడిగే రేటు కాదు, అమ్ముడుపోయిన రేటు చూడండి.