రేసు తర్వాత కారు పెయింటుకు అంటిన టైరు రబ్బరును తొలగించే విధానం

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల ఔత్సాహికులు తమ కారును రేసింగ్ ట్రాక్ మీద నడపాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో తరచూ వెళ్ళవలసి వస్తుంది. అక్కడ బంపరుకు, చక్రాల వెనక భాగానికి, తలుపుల కింది అంచులకు అంటిన రబ్బరు, ఇల్లు చేరేలోగా దారి పొడవునా ఎండకు కాగి గట్టిపడుతుంది. అందువల్ల మన దగ్గర ఈ పని ట్రాక్ పక్కన చేసేదాని కంటే కొంత ఓపికగా చేయాలి.

పోటీలో టైరు పైపొర 80 నుంచి 100 డిగ్రీల వరకు వేడెక్కి, మెత్తబడి, చిన్న చిన్న ముక్కలుగా ఊడిపోతుంది. ముందు కారు చక్రాల నుంచి ఎగిరివచ్చిన ఆ జిగురు ముక్కలు మన బానెట్‌కు తగిలి చారలుగా సాగుతాయి. మరో కారు టైరు నేరుగా రాసుకుంటే తలుపు మీద గుండ్రటి నల్ల మచ్చ పడుతుంది. ఇది చూడడానికి భయంకరంగా ఉన్నా, చాలాసార్లు రబ్బరు పెయింటు పైన అంటుకుని ఉంటుందే తప్ప లోపలికి దిగదు. దాన్ని కరిగించి తీయాలి, గీకి తీయకూడదు. పెయింటు పైన మెరుపునిచ్చే క్లియర్ కోటు మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలుచన. బ్లేడుతోనో, గిన్నెలు తోమే పీచుతోనో రుద్దితే రబ్బరుతోపాటు ఆ పొర కూడా పోతుంది.

ముందుగా కారును నీడలో నిలిపి, బానెట్ మీద అరచేయి ఆనించినప్పుడు చల్లగా తగిలేవరకు ఆగాలి. మే నెలలో పగటిపూట ఈ పని పెట్టుకోకుండా, తెల్లవారుజామునే మొదలుపెట్టడం మంచిది. ఆ తర్వాత కారును ధారాళంగా నీళ్ళతో తడిపి, కార్ షాంపూతో శుభ్రంగా కడగాలి. మన జాతీయ రహదారుల మీద గ్రానైటు లారీల నుంచి రాలే సన్నని రాతిపొడి కారుకు పట్టి ఉంటుంది. అది పోకముందే గుడ్డతో రుద్దితే పెయింటంతా గీతలమయమవుతుంది. షాంపూ నీళ్ళకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి మరొక బకెట్టు వాడాలి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి, అవి ఆరి తెల్ల మచ్చలు కట్టకముందే మెత్తటి పొడి గుడ్డతో తుడిచేయాలి.

కారు ఆరిన తర్వాత మరక మీద వేలిగోరును మెల్లగా నడిపి చూడాలి. గోరు ఉబ్బెత్తుగా ఉన్నదాని మీదికి ఎక్కితే అది రబ్బరే. గాడిలో పడి ఆగితే పెయింటు గీసుకుపోయిందని అర్థం. ఆ గాయానికి కింద చెప్పే పద్ధతి పనిచేయదు.

రబ్బరును కరిగించడానికి కార్ల సామగ్రి అమ్మే దుకాణాల్లో దొరికే తారు మరకలు తీసే ద్రావణం అన్నిటికంటే నమ్మదగినది. అది దొరకకపోతే పెయింటు దుకాణాల్లో ఎంటీఓ పేరుతో అమ్మే మినరల్ టర్పెంటైన్ వాడవచ్చు. ఏది వాడినా ముందు తలుపు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి, తెల్ల గుడ్డతో తుడిచి, కారు రంగు గుడ్డకు అంటుతుందేమో చూడాలి. కంపెనీ పెయింటును దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి అది తట్టుకుంటుంది. డెంటింగ్ షెడ్డులో వేసిన పెయింటు అంత గట్టిది కాదు. ఇటీవలే వేయించినదైతే దాని మీద ఈ ద్రావణాలేవీ వాడకపోవడమే మేలు.

మైక్రోఫైబర్ గుడ్డను ద్రావణంతో తడిపి, మరక మీద ఒత్తి, ఒక నిమిషం అలాగే ఉంచాలి. రబ్బరు అంచులు మెత్తబడి గోధుమరంగు నీరులా జారడం కనిపిస్తుంది. అప్పుడు బలం పెట్టకుండా ఒకే దిశలో తుడిస్తే నల్లటి జిడ్డు గుడ్డ మీదికి వస్తుంది. వెంటనే గుడ్డను మడత మార్చాలి, లేదంటే తీసిన రబ్బరునే మళ్ళీ పక్కకు పూస్తాం. మందంగా పేరుకున్న మరకకు ఇలా రెండు మూడు సార్లు చేయవలసి రావచ్చు. ఒకసారికి అరచేతి వెడల్పు భాగం మాత్రమే తీసుకుని, అది పూర్తయ్యాక షాంపూ నీళ్ళతో కడిగి ముందుకు సాగాలి. రంగు వేయని నల్ల ప్లాస్టిక్ భాగాలకు, రబ్బరు బీడింగులకు, స్టిక్కర్ల అంచులకు ద్రావణం తగలనీయకూడదు.

కొందరు మెకానిక్కులు పెట్రోలుతో తుడవమంటారు, లేదా పెయింటర్లు వాడే థిన్నర్ ఇస్తారు. రెండూ వద్దు. పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ చాలు, పైగా అది క్షణాల్లో ఆరిపోయి రబ్బరును కరిగించకుండానే పూస్తుంది. థిన్నర్ షెడ్డు పెయింటునైతే ఊడగొట్టగలదు. ఎంటీఓ కూడా మండేదే కాబట్టి గాలి ఆడే చోట, చేతికి గ్లవుసులు వేసుకుని పనిచేయాలి. తడిసిన గుడ్డలను ఆరుబయట పూర్తిగా ఆరనివ్వాలి. మిగిలిన ద్రావణాన్ని మోరీలో పోయకూడదు.

ఇంత చేసినా చేతికి గరుకుగా తగిలే చుక్కలు మిగిలితే, షాంపూ నీళ్ళు చల్లి, అంటిన మురికిని పట్టి లాగే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద అయిన క్లే బార్‌ను తేలికగా జార్చాలి. అది కింద పడితే మట్టి రేణువులు పట్టుకుంటాయి కాబట్టి తిరిగి వాడకూడదు. లీలగా మసక నీడ మిగిలితేనే, సన్నని పాలిష్‌తో చేత్తో రుద్దాలి. గరుకైన పేస్టు అయిన రబ్బింగ్ కాంపౌండ్‌తో మొదలుపెట్టడం క్లియర్ కోటును అనవసరంగా అరగదీయడమే. ద్రావణం, క్లే బార్ రెండూ పాత వ్యాక్సును తీసేస్తాయి కనుక, చివరగా కొత్త వ్యాక్సు పూత తప్పక వేయాలి.

తరువాతి రేసుకు ముందు కూడా వ్యాక్సు వేసుకుంటే రబ్బరు అంత గట్టిగా పట్టుకోదు. బంపరు ముందు భాగానికి, వెనక చక్రాల ముందరి అంచులకు పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు అంటించుకుంటే మరింత రక్షణ. అయితే రేసు ముగిసిన వెంటనే, ఇంటిదారి పట్టకముందే ఆ టేపును ఊడదీయాలి. ఎండలో అలాగే నడిపితే దాని జిగురు పెయింటుకు అతుక్కుని, రబ్బరు మరక కంటే ఎక్కువ శ్రమ పెడుతుంది.