పడవ ట్రైలర్ లైట్లు: తప్పు బల్బుది కాదు, తెల్ల వైరుది

మేముండేది డాలస్ దగ్గర. లూయిస్‌విల్ లేక్‌లో చేపలు పట్టుకోవడానికి ఓ పాత పడవ, దానితోపాటే ట్రైలర్ కొన్నాను. మొదటి వారమే తంటా. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండువైపులా మినుకుమినుకు. హెడ్‌లైట్లు వేసి బ్రేకు నొక్కితే వెనక లైట్లన్నీ నీరసపడిపోయేవి. బల్బులు మార్చాను, 20 డాలర్లు దండగ.

బండికీ ట్రైలర్‌కీ కరెంటు కలిపే నాలుగు పిన్నుల ప్లగ్గులో పసుపు వైరు ఎడమకి, ఆకుపచ్చ కుడికి, గోధుమరంగు టెయిల్ లైట్లకి, తెలుపు గ్రౌండ్‌కి, అంటే కరెంటు తిరిగెళ్లడానికి. నా ట్రైలర్‌లో ఆ తెల్ల వైరు ముందువైపు ఫ్రేముకి ఒకే ఒక్క స్క్రూతో బిగించి ఉంది. లైట్ల నుంచి కరెంటు తిరిగొచ్చే దారి ఇనుప ఫ్రేమే. పడవ దించిన ప్రతిసారీ లైట్ల బోల్టులు నీళ్లలో మునుగుతాయి, ఇక తుప్పు పట్టక ఏమవుతుంది? స్క్రూ విప్పగానే వైరు చివరి రింగు ఆకుపచ్చ పొడిలా చేతిలోకి రాలింది.

ఎందుకైనా మంచిదని, ప్లగ్గు తెల్ల పిన్ను నుంచి పొడుగు వైరు లాగి లైటు బోల్టుకి తాకించాను. లైటు ధగధగా వెలిగింది!

ఇక ఫ్రేముని నమ్మలేదు. రెండు లైట్లకీ విడివిడిగా తెల్ల వైరు ప్లగ్గు దాకా లాగాను. అతుకులకి హీట్ ష్రింక్ కనెక్టర్లు (వేడి చేస్తే ముడుచుకుని వైరుని బిగుతుగా పట్టేసేవి) వాడాను. మామూలు ఇన్సులేషన్ టేపు నీళ్లలో నాలుగు రోజులు కూడా ఆగదు. పిన్నులకి తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు రాశాను.

ఇప్పుడు పడవని నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర ముందుగా ప్లగ్గు పీకేస్తాను. వేడి బల్బు చల్లటి నీళ్లలో మునిగితే పగలొచ్చు. పైకొచ్చాక మళ్లీ పెట్టడం మర్చిపోకుండా మా అమ్మాయి కాపలా.