వానలకు ముందే యూఎస్‌బీ డిస్క్ సంగతి చూసుకోండి

హైదరాబాద్‌లో ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఇంట్లో లైనక్స్ పీసీకి యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తగిలించి సర్వర్‌లా వాడేవాళ్లకు అసలు టెన్షన్ కరెంటు వచ్చాకే. పీసీ దానంతటదే ఆన్ అవుతుంది, డిస్క్ ఇంకా లేవదు. లైనక్స్‌ను బూట్ చేసి సర్వీసులన్నీ లేపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు దాని కోసం చూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో, అంటే రూట్ పాస్‌వర్డ్ అడిగే రిపేర్ స్క్రీన్ దగ్గర కూర్చుంటుంది. అప్పుడు బయటి నుంచి లాగిన్ కూడా అవ్వలేం. కిందటేడు నేను ఊళ్లో ఉండగా కూకట్‌పల్లి ఇంట్లో ఇదే జరిగింది. అమ్మకు ఫోన్లో రూట్ పాస్‌వర్డ్ చెప్పి కొట్టించడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే ముందు బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో (మౌంట్ చేయాలో) రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్ తెరిచి, ఆ డిస్క్ లైన్‌లో 'నోఫెయిల్' చేర్చండి. ఇక దాని కోసం బూట్ ఆగదు. ఆ 90 సెకన్ల టైమౌట్‌ను 10 సెకన్లకు తగ్గించమని చాలామంది చెప్తారు కానీ, నోఫెయిల్ పెట్టాక నాకు ఆ అవసరం కనిపించలేదు. పాత డిస్క్ మెల్లగా లేస్తుంది, లేవనివ్వండి. డిస్క్ పేరు ఎస్‌డీబీ అని రాసి ఉంటే యూయూఐడీకి, అంటే దాని సొంత గుర్తింపు నంబరుకు మార్చండి, పోర్టు మారితే ఆ పేరూ మారిపోవచ్చు. మార్చాక రీస్టార్ట్ చేసే ముందు 'మౌంట్ -ఏ' కొట్టి చూడండి. లైన్ రాయడంలో తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి. కానీ నోఫెయిల్ ఉంటే యూయూఐడీ తప్పినా ఎర్రర్ రాకపోవచ్చు, దాన్ని ఇంకోసారి సరిచూసుకోండి.

నోఫెయిల్‌తో ఒక చిక్కుంది. డిస్క్ రాకపోయినా దాని ఫోల్డర్ ఖాళీగా అక్కడే ఉంటుంది. రాత్రి బ్యాకప్ అందులోకే రాసేసి మెయిన్ డిస్క్‌ను నింపేస్తుంది. కాబట్టి బ్యాకప్ స్క్రిప్ట్ మొదట్లోనే 'మౌంట్‌పాయింట్' కమాండ్‌తో డిస్క్ ఉందో లేదో చూసుకునేలా పెట్టండి.

కెర్నెల్ (లైనక్స్ అసలు గుండె) రాసే మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ కమాండ్‌లో మైనస్ 110 ఎర్రర్ కనిపిస్తే అది టైమౌటే, అంటే డిస్క్ వేళకు జవాబివ్వలేదు. చాలాసార్లు తప్పు కేబుల్‌ది, లేదంటే పవర్ చాలకపోవడం. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంప్స్, 3.0 అయితే 900. తిరిగే డిస్క్ లేచేటప్పుడు అంతకంటే ఎక్కువే లాగొచ్చు. ముందు కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి, సొంత అడాప్టర్ ఉన్న హబ్ అని గట్టిగా అడిగి తెచ్చుకోండి.

ఆపరేటింగ్ సిస్టమే యూఎస్‌బీ మీద ఉంటే నోఫెయిల్ పనికిరాదు. బూట్ మొదలుపెట్టే గ్రబ్‌లో కెర్నెల్ లైన్‌కు రూట్‌డిలే=10 ఇచ్చి చూడాలి, అప్పుడు డిస్క్ లేచేందుకు 10 సెకన్లు ఆగుతుంది.

అన్నీ అయ్యాక, డేటా డిస్క్ పీకేసి ఒకసారి, తగిలించి ఒకసారి రీస్టార్ట్ చేయండి. మానిటర్ ఎదురుగా ఉన్న రోజే.